విండోలో నొక్కిన క్లిక్ ఎవరిది?

విండోస్‌కు ముందు వాడిన ఆపరేటింగ్ సిస్టమ్ డాస్. దాని కోసం రాసిన పాత ప్రోగ్రామ్‌ను ఇప్పుడు విండోలో తెరిచి మౌస్ నొక్కితే మెనూ తెరుచుకోదు, తెర మీది అక్షరాలు సెలెక్ట్ అవుతాయి. ప్రోగ్రామ్ పాతబడింది కాబట్టే ఇలా అవుతోందన్న మాట మళ్లీ వినిపిస్తోంది. ఈ గొడవ మూలం మాత్రం 1990, 1992 మధ్య ఉంది.

1990 మే నెలలో వచ్చిన విండోస్ 3.0లో, 386 ప్రాసెసర్ ఉంటే డాస్ ప్రోగ్రామ్‌ను చిన్న విండోలో నడపగలిగేవాళ్లు. అయితే ఆ విండోలో మౌస్ కాపీ చేసుకోవడానికే పనికొచ్చేది. ప్రోగ్రామ్‌లో మౌస్ వాడాలంటే ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కి ఫుల్ స్క్రీన్‌కు వెళ్లాల్సిందే. 1992 ఏప్రిల్‌లో వచ్చిన 3.1 దీన్ని మార్చింది. విండోస్ మొదలవ్వకముందే డాస్ మౌస్ డ్రైవర్‌ను (మౌస్ కదలికలను, క్లిక్‌లను ప్రోగ్రామ్‌కు అందించే సాఫ్ట్‌వేర్) లోడ్ చేసి ఉంచితే, విండోలో పడిన క్లిక్ కూడా ప్రోగ్రామ్‌కే చేరేది. కాపీ కావాలంటే విండో మెనూలోకి వెళ్లి మార్క్ ఎంచుకోవాలి. క్లిక్ మీద మొదటి హక్కు ప్రోగ్రామ్‌దేనని ఒప్పుకున్నది అప్పుడే. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

అందులో న్యాయం ఉంది. డాస్ ప్రోగ్రామ్ ఇంటరప్ట్ 33 హెక్స్ అనే పిలుపు ద్వారా డ్రైవర్‌ను అడుగుతుంది: పాయింటర్ ఎక్కడుంది, ఏ బటన్ నొక్కారు? జవాబు వస్తేనే మెనూ తెరుస్తుంది. మధ్యలో విండో క్లిక్‌ను తీసేసుకుంటే, ఎవరో నొక్కారన్న సంగతే దానికి తెలియదు. తెలియని దానికి అదెలా బాధ్యత వహిస్తుంది?

విండోస్ 95లో విడిగా డాస్ డ్రైవర్ అక్కర్లేకపోయింది. క్విక్ ఎడిట్ అనే టిక్ ఇచ్చి, డ్రాగ్ చేసి సెలెక్ట్ చేసుకోవాలో వద్దో వాడేవాళ్లకే వదిలేశారు. విండోస్ 10 మాత్రం కన్సోల్‌లో, అంటే అక్షరాలతో నడిచే ప్రోగ్రామ్‌ల విండోలో, ఆ టిక్‌ను ముందే పెట్టి ఇచ్చింది. ఎక్కువమందికి కావాల్సింది కాపీయే అన్నది టిక్ ముందే ఉండాలనేవాళ్ల వాదన. కొత్త కన్సోల్ ప్రోగ్రామ్ ఆ సెట్టింగ్‌ను తనే ఆపేసుకోగలదు. ముప్పై ఏళ్ల కిందటి ప్రోగ్రామ్‌కు అలాంటిది ఒకటి ఉంటుందనే తెలియదు.

64 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రామ్ నేరుగా నడవదు, డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ లాంటి ప్రోగ్రామ్ కావాలి. అందులో ఒక క్లిక్‌తో మౌస్ ప్రోగ్రామ్ చేతికి వెళ్తుంది, కంట్రోల్, ఎఫ్10 నొక్కితే తిరిగొస్తుంది. 32 బిట్ విండోస్ 10 వాడేవాళ్లు టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో క్విక్ ఎడిట్ టిక్ తీసి చూడండి. ప్రోగ్రామ్‌లో ఏమీ మార్చకుండానే మెనూ తెరుచుకుంటుంది.