వేట రైఫిల్ స్టాక్: మోచేతి కొలత నుంచి మాంటే కార్లో దాకా కొన్ని అపోహలు - వాస్తవాలు

నా బల్ల దగ్గరికి రైఫిల్ తెచ్చేవాళ్ళు చాలామంది బారెల్ మీదో స్కోపు మీదో ఫిర్యాదుతో వస్తారు. "గుండు ఒక్కోసారి ఒక్కో చోట పడుతోంది" అంటారు. రైఫిల్ ఒకసారి భుజానికెత్తమని పక్కన నిలబడి చూస్తే తప్పు చాలాసార్లు ఇనుములో ఉండదు, స్టాక్‌లో ఉంటుంది. స్టాక్ అంటే రైఫిల్‌కి ఉండే చెక్క ఒళ్ళు. ఈ రోజుల్లో ఫైబర్‌దీ కావచ్చు. భుజానికి ఆనే మడమ, చెంప ఆనే పైఅంచు, చెయ్యి బిగించే గ్రిప్, బారెల్ కింద పరుచుకున్న ముందుభాగం, ఇవన్నీ కలిపి స్టాక్. చెంప ఆనే అంచుని మేం కోంబ్ అంటాం. ఈ పోస్టులో ఎక్కువ మాట దాని గురించే.

అపోహ: మడమని మోచేతి మడతలో పెట్టి, వేలు ట్రిగ్గర్‌కి అందితే స్టాక్ సరిపోయినట్టే

దుకాణంలో అందరూ ముందు చేసేది ఇదే. ఈ కొలత చెప్పేది ముంజేయి పొడవు ఒక్కటే. రైఫిల్‌ని మోచేతి మడతలో పెట్టి ఎవరూ కాల్చరు కదా.

ట్రిగ్గర్ నుంచి మడమ మధ్య దాకా ఉండే దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. పెద్దవాళ్ళ కోసం ఫ్యాక్టరీలో తయారయ్యే రైఫిళ్ళకి అది 13½ అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. ఆ పొడవు మీకు కుదురుతుందా లేదా అన్నది మెడ పొడవు, ఛాతీ వెడల్పు, భుజం వాలు, నిలబడే తీరు, ఒంటి మీద బట్టల మందం అన్నీ కలిసి తేలుస్తాయి. చేతులు సమానంగా ఉన్న ఇద్దరికి అరంగుళం తేడాతో స్టాక్‌లు చేసిచ్చిన రోజులున్నాయి. ఒకాయనది కొంగమెడ, రెండో ఆయనకి తల భుజాల మీదే కూర్చున్నట్టుంటుంది.

నేను చూసే పద్ధతి వేరు. తూటా కూర్చునే చాంబర్‌లో వేలు పెట్టి ఖాళీగా ఉందని తేల్చుకున్నాక రైఫిల్ ఎత్తమంటాను. గ్రిప్ మీది బొటనవేలికీ ముక్కుకీ మధ్య సుమారు రెండు వేళ్ళ సందు ఉండాలి. అంతకన్నా తగ్గితే పేలినప్పుడు బొటనవేలు ముక్కుని పలకరిస్తుంది. స్టాక్ మరీ పొడవైతే ఎత్తేటప్పుడు మడమ చంక దగ్గర బట్టకి తట్టుకుంటుంది. దుకాణంలో పల్చటి చొక్కాతో సరిచూసుకున్న రైఫిల్ చలికోటు వేసుకున్న రోజున అడ్డం తిరిగేది ఇందుకే. ఎటూ తేలకపోతే పావంగుళం పొట్టిగానే ఉంచమంటాను. కాస్త పొట్టిదానితో సర్దుకోవచ్చు, పొడవుదానితో కుస్తీ పట్టాలి.

అపోహ: స్కోపు బిగించాక స్టాక్ ఎలా ఉన్నా ఫర్వాలేదు

షాట్‌గన్‌కే కొలతలు కావాలి, రైఫిల్‌కి అక్కర్లేదు అనే మాట కూడా దీని చుట్టమే. షాట్‌గన్‌కి వెనక సైట్, అంటే గురి చూసే గుర్తు, ఉండదు, కన్నే వెనక సైట్. కాబట్టి స్టాక్ వంకరైతే దెబ్బ వంకర పోతుంది. రైఫిల్‌కి స్కోపు ఉందిగా, అది చూసుకుంటుంది అనుకుంటారు. స్కోపు చూపిస్తుంది, నిజమే. దాని వెనక్కి కంటిని తెచ్చి నిలబెట్టేది మాత్రం చెంప కింద ఉన్న కోంబ్.

కొంచెం లెక్క చూద్దాం. పాత పద్ధతి ఇనుప సైట్లు గుండు దారి మధ్యగీతకి ఇంచుమించు ఒక అంగుళం లోపు ఎత్తులో ఉంటాయి. స్కోపు మధ్యగీత సుమారు ఒకటిన్నర అంగుళం ఎత్తులో ఉంటుంది. ఇనుప సైట్ల కాలంలో గీసిన స్టాక్‌కి కోంబ్ కిందికి వాలి ఉంటుంది, తల దించితే కన్ను సైట్ల వరసలోకి రావాలని. వించెస్టర్ 1894 మోడల్ లీవర్ రైఫిల్ అలాంటిదే. దాని మీద స్కోపు పెట్టించుకొచ్చినవాళ్ళని చూస్తే చెంప చెక్కని వదిలేసి, గడ్డం మాత్రమే ఆని ఉంటుంది. మెడ కోడిపుంజులా సాగుతుంది. నేను దీన్ని గడ్డంతో కాల్చడం అంటాను.

అలా తల గాలిలో తేలుతుంటే కన్ను ఒకసారి స్కోపు మధ్యలో, మరోసారి అంచున ఉంటుంది. వేట స్కోపుల్లో చాలావాటిని 100 గజాల దూరానికి సరిచేసి పంపుతారు. దానికి బాగా దగ్గరో దూరమో ఉన్నప్పుడు కన్ను పక్కకి జరిగితే క్రాస్ గీతలు కూడా గురి మీద జరిగినట్టు కనబడతాయి. దాన్నే పారలాక్స్ అంటారు. గుండు అక్కడికి పోతుంది, నిందేమో బారెల్‌కి పడుతుంది. పైగా అద్దంలో నల్లటి నెలవంక కనిపిస్తుంటే, అది పోయేదాకా తల అటూ ఇటూ కదుపుతూ కూర్చుంటారు. జంతువు ఆగదు.

మొన్న ఒక పెద్దాయన 40 మిల్లీమీటర్ల స్కోపు తీసేసి 50 మిల్లీమీటర్లది పెట్టించుకొచ్చారు. "బాబూ, ఇదివరకు ఇట్టే కనపడేది, ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది. అద్దం చెడ్డదేమో చూడు" అన్నారు. అద్దం లక్షణంగా ఉంది. ముందు అద్దం వ్యాసం 10 మిల్లీమీటర్లు పెరిగితే, అది బారెల్‌కి తగలకుండా స్కోపుని దాదాపు 5 మిల్లీమీటర్లు ఎత్తాలి. రింగులు మార్చారు, కోంబ్ ఉన్నచోటే ఉంది. పేకముక్కలు తీసి కోంబ్ మీద నాలుగు పెట్టి టేపు చుట్టాను. కళ్ళు మూసుకుని ఎత్తండి, చెంప ఆనాక తెరవండి అన్నాను. "ఇంకా కిందనే ఉంది." ఇంకో నాలుగు. "ఊఁ, నయం." మరో నాలుగు పెట్టాక సగం సంతోషం. పద్నాలుగో ముక్క దగ్గర కళ్ళు తెరిచి, తల కదపకుండా, "ఆగు, ఇంక ముట్టుకోకు" అన్నారు. పేకముక్క మందం సుమారు 0.3 మిల్లీమీటర్లు. అంటే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆయన కొత్త స్కోపులో లోపం అంతే.

ఈ కళ్ళు మూసుకునే పరీక్ష ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు, రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని. పదిసార్లు ఎత్తితే పదిసార్లూ నిండు వలయం కనబడాలి. తెరిచిన కళ్ళతో చేస్తే మెడ మనకి తెలియకుండానే సర్దుకుని అబద్ధం చెప్తుంది.

ఇంకో మాట. కోంబ్ ఎంత ఎత్తితే అంత మంచిదనుకోకండి. మరీ ఎత్తితే తూటా ఎక్కించే బోల్ట్ వెనక్కి లాగేటప్పుడు దానికి తగులుతుంది. ముందు బోల్ట్ పూర్తిగా లాగి చూసి ఆ తర్వాతే జిగురు పెట్టండి.

అపోహ: తన్ను తూటాది, స్టాక్ చేసేదేమీ లేదు

ఎనిమిది పౌండ్ల రైఫిల్లో .30-06 తూటా ఇచ్చే తన్ను సుమారు 20 ఫుట్-పౌండ్లు. ఆ అంకెని ఏ స్టాక్ కూడా తగ్గించలేదు. అది ఒంట్లో ఎక్కడ దిగాలో మాత్రం స్టాకే చెప్తుంది.

తన్ను బారెల్ గీతలోనే నేరుగా వెనక్కి వస్తుంది. మడమ ఆ గీతకి ఎంత కిందికి ఉంటే రైఫిల్ అంత పైకి లేచి తిరుగుతుంది, కోంబ్ వచ్చి చెంప ఎముకని కొడుతుంది. మడమ ఆ గీతకి దగ్గరగా ఉండే తిన్నటి స్టాక్ వెనక్కి నెడుతుందే గానీ ఎగరదు. ఈ తిన్నటి ఆకారాన్నే క్లాసిక్ అంటారు. మెరుపులూ వంపులూ ఫ్యాషనైన కాలంలో, 1968లో రుగర్ ఎం77 రైఫిల్ లెనార్డ్ బ్రౌనెల్ గీసిన క్లాసిక్ స్టాక్‌తో వచ్చింది. ఇప్పటికీ దాన్ని చేతిలోకి తీసుకుంటే దించబుద్ధి కాదు.

మాంటే కార్లో అనే రకం స్టాక్‌లో మడమ కిందనే ఉండి, చెంప చోటు మాత్రం మెట్టులా లేస్తుంది. స్కోపుకి ఎత్తు దొరుకుతుంది. అయితే ఆ మెట్టు పైఅంచు ఎటు వాలిందో చూడాలి. ముందువైపు ఎత్తుగా, వెనక పల్లంగా ఉంటే పేలినప్పుడు రైఫిల్ వెనక్కి జరుగుతూ ఎత్తు భాగాన్ని చెంప కిందికి తోస్తుంది. 1945లో కంపెనీ పెట్టిన రాయ్ వెదర్బీ బలమైన మాగ్నమ్ తూటాలు కాల్చే తన రైఫిళ్ళకి దీన్ని తిరగేశాడు. కోంబ్ ముందుకి పోయేకొద్దీ పల్లమవుతుంది, కాబట్టి వెనక్కి జరిగేకొద్దీ చెంపని వదిలేస్తుంది. ఆ మెరిసే పాలిషూ, ముదురు రంగు కొసా నాకు నచ్చవు, పెళ్ళి బాజాలా ఉంటాయి. ఆ వాలు మాత్రం తెలివైన పని.

ఎవరైనా నొప్పి అంటే నేను తూటా ఏదని అడగను, ఎక్కడ అని అడుగుతాను. చెంప ఎముక దగ్గరైతే కోంబ్ వాలు. ఛాతీ కండలో గుచ్చుకుంటే మడమ కింది మొన ముందుగా తగులుతోందని, అంటే మడమ కోసిన కోణం తప్పని అర్థం. మధ్యవేలు కమిలితే గ్రిప్ వంపు చెయ్యిని ట్రిగ్గర్ గార్డ్ మీదికి తోస్తోంది. పాత లీవర్ రైఫిళ్ళకి నెలవంకలా లోపలికి వంగిన ఇనుప మడమ ఉంటుంది. అది భుజం పక్కన, జబ్బ మొదట్లో తగిలించుకోవడానికి చేసింది. దాన్ని భుజం గుంటలో పెట్టి కాల్చేవాళ్ళకి రెండు మొనలూ గుర్తుండిపోతాయి.

అపోహ: బొటనవేలి రంధ్రం ఉన్న స్టాక్‌తో గురి బాగా కుదురుతుంది

ఆనుకుని తీరిగ్గా కాల్చేవాళ్ళకి హాయిగానే ఉంటుంది, మణికట్టు సహజంగా నిలబడుతుంది. పొదలో నడుస్తూ చటుక్కున ఎత్తాల్సినవాడికి బొటనవేలు రంధ్రంలో దూర్చడమే ఒక పని. ఒకచేతివాటానికి మలిచినదైతే రెండో చేతికి పనికిరాదు. ఇంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

అపోహ: వాల్‌నట్ చెక్కే అసలైనది, ఫైబర్ నాసిరకం. లేదా దీనికి తలకిందులు

రెండు వర్గాలూ నా బల్ల దగ్గరే పోట్లాడుకుంటాయి. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, పొడవునా కాదు, ఎక్కువగా అడ్డంగా. ముందుభాగం అలా మెలితిరిగి బారెల్‌ని ఒక పక్కకి తోస్తే గుండు పడే చోటు మారుతుంది. ఏ పూతా తేమని పూర్తిగా ఆపలేదు, ఆలస్యం చేస్తుంది. పైకి తళతళలాడే స్టాక్‌కి లోపలి గాడిలో, మడమ ప్యాడ్ కింద పూత వెయ్యకుండా చెక్క వదిలేసినవి ఎన్నో చూశాను. నీళ్ళు అక్కణ్నుంచే ఎక్కుతాయి. బారెల్ కొస దాకా చెక్క ఉండే మాన్లికర్ రకానికి ఈ బాధ మరీ ఎక్కువ. తాకే చోటు ఎక్కువ కదా.

ఫైబర్ ఉబ్బదు. కానీ అచ్చులో పోసిన చవక రకాల్లో ముందుభాగం వేళ్ళతో నొక్కితేనే వంగుతుంది. ముందు ఆనించే రెండు కాళ్ళ బైపాడ్ మీద బరువు వేసినా, భుజాన తగిలించే పట్టీ (స్లింగ్) బిగించి లాగినా వెళ్ళి బారెల్‌కి ఆనుతుంది. కాగితం ముక్క బారెల్ కింద దూర్చి లాగండి, ఆ తర్వాత బైపాడ్ మీద ఆని మళ్ళీ లాగండి. రెండోసారి ఇరుక్కుంటే జవాబు దొరికినట్టే.

చెక్క కొనేటప్పుడు అందరూ మడమ దగ్గర చారల అందం చూస్తారు. నేను ముందు గ్రిప్ వెనక సన్నటి నడుము చూస్తాను. అక్కడ చారలు పొడవునా సాగాలి. అడ్డంగా కోసుకుపోతే ఎంత అందమైనదైనా ఒకరోజు అక్కడే పగులుతుంది.

అపోహ: ఆడవాళ్ళకీ పిల్లలకీ వెనక ఒక ముక్క కోసేస్తే సరి

ఈ తప్పు నేనే చేశాను. ఒకావిడ వచ్చి మడమ ఛాతీలో గుచ్చుకుంటోంది, పొడవెక్కువేమో అన్నారు. చూడ్డానికి పొడవుగానే ఉంది. ముప్పావు అంగుళం కోసి ప్యాడ్ బిగించి ఇచ్చేశాను. మడమ కోణం పాతదే ఉంచాను. స్కోపుని ముందుకి జరపలేదు. స్టాక్ పొట్టిదైతే భుజం ముందుకొస్తుంది, భుజంతో పాటు ముఖమూ వస్తుంది. మొదటి తూటాకే స్కోపు అంచు ఆవిడ కనుబొమ్మ మీద అరచందమామ గీసింది. కోపం కూడా పడలేదు, "కొలిచారా అసలు?" అని అడిగారు. కొలవలేదు. ఊహించి కోశాను.

మళ్ళీ కూర్చోబెట్టి చూస్తే పొడవు అసలు సమస్యే కాదు. మెడ పొడవు, కోంబ్ పల్లం, మడమ కింది మొన లోపలికి పొడుస్తోంది. మొన కాస్త పక్కకి తిరిగేలా ప్యాడ్ మార్చి, కోంబ్ ఎత్తి, స్కోపు జరిపితే ఆ రైఫిల్ ఆవిడకి కుదిరింది. ఆ కోసిన ముప్పావులో సగానికి పైగా ప్యాడ్ కింద పలకలుగా (స్పేసర్లు) వెనక్కి పెట్టాల్సొచ్చింది.

పిల్లల రైఫిల్ అయితే కోసిన ముక్కని పారెయ్యను. దాని వెనక పెన్సిల్‌తో రైఫిల్ నంబరూ, కోసిన తేదీ రాసి వాళ్ళకే ఇచ్చి పంపుతాను. రెండు మూడేళ్ళకి ఆ పిల్లాడు జానెడు ఎదిగి తిరిగొస్తాడు. అదే చెక్క, అవే చారలు, మేకులు లేకుండా రెండు చెక్క సీలలతో అతికిస్తే జాయింటు గోటికి కూడా తగలదు.