పెద్ద దోమ కాదు బావూ, అది క్రేన్ ఫ్లై: దీవుల పురుగు మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన వర్షాకాలంలో మా మేనల్లుడు అండమాన్ నుంచి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. బాత్‌రూమ్ గోడ మీద కాళ్లు బారచాపుకుని, అరచేతంత జాగా ఆక్రమించిన పురుగు. వెనకే వాయిస్ మెసేజ్: "మావయ్యా, ఇక్కడి దోమలు చూసావా ఎలాగున్నాయో! ఇది కుడితే మనిషి బతుకుతాడా?"

శ్రీకాకుళం జిల్లా నుంచి అండమాన్ వలస వెళ్లినవాళ్లు లేని ఊరు మా చుట్టుపక్కల తక్కువ. అందుకే ఈ ఫోటో ఏడాదికి రెండు మూడుసార్లు ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. రెండు రెక్కల పురుగులు నా పని, అందులో క్రేన్ ఫ్లైలు నా పిచ్చి. ప్రతివాడికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. ఇక నుంచి ఇదే ఫార్వర్డ్ చేస్తాను.

అపోహ: ఇది ముదిరిన దోమ. సైజుకు తగ్గట్టు రక్తం తాగుతుంది.

క్రేన్ అంటే ఇక్కడ బరువులెత్తే యంత్రం కాదు, కొంగ. కొంగకాళ్ల ఈగ అన్నమాట. దోమతో దూరపు చుట్టరికం ఉంది, అంతే. చర్మంలో దిగే సూది దీనికి లేదు. కొన్ని రకాలకు పొడుగాటి మూతి ఉన్నా అది పూల తేనె పీల్చడానికే. చాలావాటికి రెక్కలొచ్చాక తిండి యావే పెద్దగా ఉండదు. కొద్ది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతాయి. ఆడదాని తోక చివర మొనదేలిన ముక్క చూసి "ఇదిగో ముల్లు" అంటారు. అది తడినేలలో గుడ్లు దించుకునే సాధనం. కుట్టదు, విషమూ లేదు.

2018లో చైనా నుంచి "ప్రపంచంలో అతి పెద్ద దోమ" అని ఒక వార్త చక్కర్లు కొట్టింది. రెక్కలు చాస్తే 11.15 సెంటీమీటర్లు. అది హోలోరూసియా మికాడో అనే క్రేన్ ఫ్లై. మా స్టాఫ్‌రూమ్‌లో కూడా ఆ వార్త దోమగానే తిరిగింది, నేను ఎంత మొత్తుకున్నా.

గుర్తుపట్టడం సులువే. వీపు మీద ఇంగ్లిష్ "వి" అక్షరంలా ఒక గాడి ఉంటుంది. రెక్కల వెనక గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలు కనిపిస్తాయి. ఎగిరేటప్పుడు ఒరిగిపోకుండా కాసేవి అవే. ఇక కాళ్లు. ముట్టుకుంటే ఊడి చేతిలోకి వస్తాయి. బల్లి తోక వదిలినట్టు ఇది కాలు వదిలేసి తప్పించుకుంటుంది. కొత్తలో ఒకసారి ఇరవై పురుగుల్ని ఒకే డబ్బాలో వేసి ఎర్ర బస్సులో ఇంటికి తెచ్చాను. మూత తీస్తే అడుగున చీపురు పుల్లల పొడిలా నూటికి పైగా కాళ్లు, పైన కాళ్లులేని ఒళ్లు. ఏ కాలు ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. అప్పటి నుంచి ఒక్కోదానికి ఒక్కో కాగితం పొట్లం.

అపోహ: ఇది దోమల్ని పట్టి తింటుంది, చంపకూడదు.

చంపకూడదన్నది సరే, కారణం తప్పు. దోమల్ని వేటాడేది తూనీగ. రెక్కలొచ్చిన క్రేన్ ఫ్లైకి వేటాడే నోరే లేదు.

అపోహ: చిన్న దీవిలో నాలుగు రకాలుంటే ఎక్కువ.

నాకు బాగా ఇష్టమైన అపోహ ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజముంది.

ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన క్రేన్ ఫ్లైలు 15,000 రకాలు దాటాయి. అవి ఎక్కడ ఎన్ని ఉంటాయన్నది దీవి వైశాల్యం ఒక్కటే తేల్చదు. తడి, ఎత్తు కూడా చూడాలి. దీని పిల్లపురుగు వానపాములా మెత్తగా ఉంటుంది, తడి ఆరితే చస్తుంది. నాచు, కుళ్లిన ఆకు, పుచ్చిన దుంగ, గెడ్డ (వాగు) ఒడ్డు బురద, ఇవే దాని ఇళ్లు. అందుకే చదునైన పగడపు దీవిలో, ఉప్పుగాలికి ఎండిపోయే ఇసుకలో, ఎక్కడైనా సర్దుకుపోయే కొన్ని రకాలే మిగులుతాయి. కొండలున్న దీవి లెక్క వేరు. హవాయి దీవుల్లో కవాయి అనే దీవి ఉంది. దాని నడుమ వైయాలెయాలె శిఖరం మీద ఏడాదికి సుమారు 10 మీటర్ల వాన. పాతిక కిలోమీటర్ల అవతల పడమటి తీరంలో అర మీటరు పైచిలుకు. మన జిల్లాలో పడేది మీటరు పైచిలుకు, దానికే మన కాలువలు పొంగి గొడవ. అంటే ఒకే దీవిలో తడి అడవీ, మెట్టా రెండూ ఉన్నాయి. ఒక లోయలో ఉన్న రకం పక్క లోయలో ఉండాలని లేదు. ఆ దీవి దాటితే మరెక్కడా లేని రకాలు తయారయ్యేది ఇలాంటి చోటే.

ఈ తేడా చూడ్డానికి హవాయి దాకా వెళ్లక్కర్లేదు. ఉద్దానం కొబ్బరితోటలో రాత్రి తెల్లగుడ్డ కట్టి లైటు పెడితే నాకు తగిలేవి అవే రెండు మూడు రకాలు. మందస దాటి మహేంద్రగిరి వాలులో గెడ్డ పక్కన, నీడలో నాచు పట్టిన బండ మీద ఒకసారి వల ఊపితే అంతకంటే ఎక్కువ రకాలు పడతాయి. చుట్టూ ఎండిన పల్లం, మధ్యలో 1,501 మీటర్ల తడికొండ. ఈ పురుగు లెక్కలో అదీ ఒక దీవే.

అక్కడే ఇంకో వింత చూశాను. బండ కింద సాలెగూడు పోగుకి ఏడెనిమిది క్రేన్ ఫ్లైలు వరసగా వేలాడుతున్నాయి. నాతో వచ్చిన కుర్రాడు "పాపం, చిక్కుకుపోయాయి మేస్టారూ" అన్నాడు. ఊదితే అన్నీ ఎగిరిపోయి, కాసేపటికి మళ్లీ అదే పోగు మీదికి వచ్చాయి. ట్రెంటిపోలియా వంటి కొన్ని రకాలకు అది అలవాటు.

అపోహ: సరిగ్గా ఎగరడమే రాదు, సముద్రం ఎలా దాటుతుంది? మనుషులే తెచ్చి ఉంటారు.

కుండీ మట్టితో మనుషులు తెచ్చినవీ ఉంటాయి. మిగతావి గాలికి కొట్టుకొచ్చినవి, దుంగలో పిల్లపురుగుగా తేలి వచ్చినవి. వంశధార వరదలో కొమ్మలు, దుంగలు కళింగపట్నం దగ్గర సముద్రంలోకి పోవడం చూసినవాళ్లకు ఇది విడ్డూరంగా అనిపించదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గాలి చూసినవాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. శ్రీలంక కథ ఇంకా తేలిక. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం 120 మీటర్లు కిందకి ఉండేది, పాక్ జలసంధి నేలే. అండమాన్‌కి అలాంటి దారి లేదు. అక్కడి జీవాలకు మనకంటే బర్మా వైపు బంధుత్వం ఎక్కువ. నికోబార్‌కి సుమత్రా వైపు.

దూరపు దీవికి చేరేది ఏ ఒకటో రెండో వంశాలు. చేరాక ఖాళీ ఇళ్లన్నీ వాటివే. హవాయి సొంత క్రేన్ ఫ్లైల్లో అత్యధికం డిక్రనోమియా అనే ఒక్క ప్రజాతివే (ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన రకాల గుంపు). వాటిలో ఒకదాని పిల్లపురుగు బురద మానేసి, ఆకు రెండు పొరల మధ్య సొరంగం తవ్వుకుని బతుకుతుంది.

అపోహ: ఉప్పునీటి దగ్గర ఈ జాతి బతకదు.

జపాన్ తీరంలో ఆటుపోట్ల మధ్య రాళ్ల మీద నాచు తింటూ పెరిగే డిక్రనోమియా ఉంది. మాది ఎక్కువ ఇసుక తీరం, అలాంటి చోటు వెతుక్కోవాలి.

అపోహ: పిల్లపురుగు వరి వేళ్లు కొరికేస్తుంది.

రైతులు అడిగేది ఇదే, దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. టిప్యులా పాలుడోసా అనేది ఐరోపాలో పచ్చిక వేళ్లు తిని నష్టం చేస్తుంది. జపాన్‌లో టిప్యులా ఐనో వరి నారు పాడుచేస్తుంది. కానీ ఎక్కువ రకాలు కుళ్లిన ఆకు తిని మట్టి చేసేవే. మన మళ్లలో నారు కొట్టేసిన క్రేన్ ఫ్లై పిల్లపురుగు నా కంట ఇంతవరకు పడలేదు. దీని కోసం మందు కొట్టకండి, డబ్బు దండగ.

అపోహ: ఈపాటికి అన్నీ లెక్క తేలిపోయి ఉంటాయి.

ఈ పురుగుల్లో 11,000కు పైగా రకాలకు పేరు పెట్టింది ఒక్క మనిషి: అమెరికాలోని ఆమ్‌హర్స్ట్‌లో ఉన్న చార్లెస్ పి. అలెగ్జాండర్ (1889-1981). డెబ్బై ఏళ్ల పని అనుకున్నా సగటున రెండు మూడు రోజులకో రకం. భార్య మేబెల్ తోడు లేకపోతే సాగేది కాదు. ఎవరెవరో పోస్టులో పంపిన పురుగుల మీదే ఆయన పని చాలావరకు నడిచింది. కాబట్టి ఏ రకం ఎక్కడ దొరికిందో చూపే పటంలో చుక్కలు దట్టంగా ఉన్నచోట పురుగులు ఎక్కువని కాదు, పట్టేవాడు అటు వెళ్లాడని అర్థం. 1950ల చివర్లో, 60ల మొదట్లో ఫెర్నాండ్ ష్మిడ్ అనే పురుగుల శాస్త్రవేత్త సిక్కిం, అస్సాం, మణిపూర్ తిరిగి పట్టి పంపాడు, ఆ ప్రాంతాల పేర్లు జాబితాల నిండా ఉన్నాయి. మన తూర్పు కనుమల పేరు వెతుక్కోవాలి. దీవుల పరిస్థితీ అంతే. పడవ ఆగే రేవు, రోడ్డున్న కొండ, వీటి పక్కన పట్టినవే ఎక్కువ.

మేనల్లుడి ఫోటోలో రెక్క ఈనెలు మసకగా ఉన్నాయి. రకం తేల్చాలంటే ఈనెలు, మగదాని తోక చివర కొక్కేలు చూడాలి. "కాగితం పొట్లంలో పెట్టి, ఊరొచ్చినప్పుడు తీసుకురా నాయనా" అన్నాను.

"అదెక్కడిది మావయ్యా, ఫోటో తియ్యగానే దోమల బ్యాట్‌తో కొట్టేశాను కదా" అన్నాడు.