మూడో నంబరు నల్ల కారు, మెడ వెనుక రెండు పట్టీలు

నేడు అమెరికాలో నాస్కార్ అనే కారు రేసుల సంస్థ పోటీకి దిగే డ్రైవర్ భుజాల మీద గట్టి కాలర్ లాంటిది ఒకటి ఉంటుంది. దాని నుంచి వచ్చే రెండు పట్టీలను హెల్మెట్‌కు అటూ ఇటూ తగిలించుకుంటాడు. క్షణాల పని. అది లేకుండా పోటీలోకి రానివ్వరు. ఈ నియమం వచ్చింది 2001 అక్టోబరులో. అప్పటికే ఆ పరికరం పదేళ్లుగా అమ్మకంలో ఉంది. అంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే డేల్ ఎర్న్‌హార్ట్ అనే రేసర్ కథలోకి వెళ్లాలి.

నార్త్ కరొలైనాలోని కన్నాపొలిస్ తువ్వాళ్లు నేసే మిల్లు ఊరు. డేల్ 1951లో అక్కడ పుట్టాడు. తండ్రి రాల్ఫ్ మట్టి ట్రాకుల మీద పేరు మోసిన రేసర్. డేల్ తొమ్మిదో తరగతిలోనే బడి మానేసి కార్ల వెంట పడ్డాడు. 1973లో రాల్ఫ్ 45 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. కొడుకు నాస్కార్ గెలుపులేవీ ఆయన చూడలేదు.

1979లో డేల్ నాస్కార్ అగ్రశ్రేణి పోటీల్లో ఉత్తమ కొత్త డ్రైవర్‌గా, మరుసటి ఏడాదే చాంపియన్‌గా నిలిచాడు. వెంటవెంటనే ఆ రెండూ సాధించినవాడు అంతకుముందు లేడు. తర్వాత రిచర్డ్ చిల్డ్రెస్ జట్టులో మూడో నంబరు కారుతో 1986, 87, 90, 91, 93, 94 టైటిళ్లు గెలిచాడు. 1988 నుంచి ఆ కారు నల్లరంగులోకి మారింది. మొత్తం ఏడుతో రిచర్డ్ పెటీ రికార్డును అందుకున్నాడు. అతని తీరు మాత్రం అందరికీ నచ్చలేదు. దారివ్వని కారును వెనుక నుంచి తట్టి పక్కకు నెట్టేవాడు. అందుకే ‘ఇంటిమిడేటర్’, అంటే హడలగొట్టేవాడు అన్న పేరు వచ్చింది. 1999లో బ్రిస్టల్‌లో చివరి ల్యాప్‌లో టెర్రీ లబాంటీ కారును అలాగే తిప్పేసి గెలిస్తే, జనం గేలి చేశారు. తిప్పేయాలనుకోలేదు, కాస్త కదిలిద్దామనుకున్నానన్నాడు. నమ్మినవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు.

ఇంతటివాడికీ నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న పందెం ‘డేటోనా 500’ మాత్రం ఏళ్ల తరబడి చిక్కలేదు. 1990లో చివరి ల్యాప్‌లో ముందున్నాడు, టైరు పోయింది. 1997లో కారు పల్టీ కొట్టింది. అంబులెన్స్ ఎక్కి వెనక్కి తిరిగి చూశాడు. చక్రాలు నాలుగూ ఉన్నాయి. దిగివచ్చి, నుజ్జయిన ఆ కారులోనే కూర్చుని మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లాడు. 1998లో, ఇరవయ్యో ప్రయత్నంలో గెలిచాడు. ముందు రోజు ఒక చిన్నపిల్ల ఇచ్చిన పెన్నీ నాణెం అతని డ్యాష్‌బోర్డుకు అంటించి ఉంది. పందెం అయ్యాక ప్రత్యర్థి జట్లవాళ్లంతా వరుసగా నిలబడి చేయి కలిపారు.

ఆ అంబులెన్స్ ఘట్టాన్ని అభిమానులు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం రాబోయే కథంతా అందులోనే కనిపిస్తుంది. తనకేమీ కాదన్న ధీమా అతనిది. ఆ ధీమాకే చప్పట్లు కొట్టిన ఆట అది. ముఖం కప్పని పాతకాలపు హెల్మెట్ అతను వదలలేదు. ఆ మెడ పరికరాన్ని ఉరితాడని ఎగతాళి చేశాడంటారు.

దాని పేరు హాన్స్. మిషిగన్‌లో జీవయాంత్రిక శాస్త్రం బోధించే రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది వరసయ్యే రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి రూపొందించారు. కారు గోడను తాకి ఒక్కసారిగా ఆగినప్పుడు బెల్టులు మొండేన్ని పట్టి ఉంచుతాయి, తల మాత్రం ముందుకు విసురుకుపోతుంది. ఆ లాగుడుకు పుర్రె అడుగుభాగం విరుగుతుంది. తలను భుజాలతో కలిపి ఆపడమే ఈ పట్టీల పని.

2000లో ఆడమ్ పెటీ, కెనీ ఇర్విన్, టోనీ రోపర్ అనే ముగ్గురు నాస్కార్ డ్రైవర్లు అయిదు నెలల వ్యవధిలో తల, మెడ గాయాలతో చనిపోయారు. ఆడమ్ రిచర్డ్ పెటీ మనవడు, వయసు 19. అతనూ ఇర్విన్‌ పోయింది న్యూ హాంప్‌షైర్‌లో ఒకే ట్రాక్ మీద. అయినా హాన్స్ ఐచ్ఛికంగానే ఉండిపోయింది.

2001 ఫిబ్రవరి 18. డేటోనాలో చివరి ల్యాప్, చివరి మలుపు. ముందు మైకేల్ వాల్ట్రిప్, వెనుక డేల్ కొడుకు డేల్ జూనియర్. రెండూ డేల్ సొంత జట్టు కార్లే. మూడో స్థానంలో ఉన్న నల్ల కారు అదుపు తప్పి గోడను గుద్దింది. చూడటానికి మామూలు ప్రమాదంలా ఉంది. పల్టీ లేదు, మంటల్లేవు. పుర్రె అడుగున విరిగి అతను చనిపోయాడు.

అప్పటికీ వెంటనే ఆదేశం రాలేదు. ఆగస్టులో దర్యాప్తు నివేదిక వచ్చింది. అక్టోబరులో షార్లట్‌లో మరో సంస్థ పోటీలో బ్లెయిజ్ అలెగ్జాండర్ మరణించాకే తల పట్టీలను తప్పనిసరి చేశారు. దెబ్బను తమలోకి తీసుకునే ఉక్కు, నురుగు గోడలు 2002లో ఇండియానాపొలిస్‌లో మొదలై మిగతా ట్రాకులకూ పాకాయి. 2001 ఫిబ్రవరి తర్వాత నాస్కార్ అగ్రశ్రేణి పోటీల్లో ఏ డ్రైవరూ చనిపోలేదు.

2020 ఫిబ్రవరి 17న అదే డేటోనా, అదే చివరి ల్యాప్. ముందున్న రయన్ న్యూమన్ కారు గోడను కొట్టి తలకిందులైంది. వెనుక వస్తున్న మరో కారు సరిగ్గా డ్రైవర్ తలుపు వైపే గుద్దింది. రెండు రోజుల తర్వాత అతను ఇద్దరు కూతుళ్ల చేతులు పట్టుకుని ఆసుపత్రి నుంచి నడిచి బయటికొచ్చాడు.