ఎంఎస్‌డబ్ల్యూ అయిపోయింది, ఇక థెరపీ చేసేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

నేను విజయవాడలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. ఇక్కడి కాలేజీల్లో, గుంటూరు వైపు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ముగించుకుని సైకోథెరపీ నేర్చుకోవాలని వచ్చే పిల్లలకు శిక్షణ ఇవ్వడం నా పనిలో భాగం. వాళ్లలో ఉత్సాహానికి లోటుండదు. కానీ వెంట తెచ్చుకునే కొన్ని నమ్మకాలు వాళ్లనీ, రేపు వాళ్ల ఎదురుగా కూర్చోబోయే మనుషుల్నీ ఇబ్బంది పెడతాయి. వాటి గురించే ఇది. కేసుల వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చి రాస్తున్నాను.

అపోహ: ఎంఎస్‌డబ్ల్యూలో స్పెషలైజేషన్ ‘మెడికల్ అండ్ సైకియాట్రిక్’ అయితే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అయిపోయినట్టే.

కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్, అదీ సీనియర్ల పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో పూర్తిచేసినవాళ్లనే ఆ చట్టం ఆ పేరుతో పిలుస్తుంది. యూజీసీ ఎంఫిల్‌ని ఎత్తేసినా, ఈ కోర్సుకూ క్లినికల్ సైకాలజీకీ 2025-26 విద్యాసంవత్సరం దాకా అడ్మిషన్లు ఇచ్చుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ఎక్కడ చేరాలన్నా ఆ ఏడాది నోటిఫికేషన్, కోర్సుకున్న గుర్తింపు స్వయంగా చూసుకోండి, సీనియర్ల మాట మీద ఫీజు కట్టేయొద్దు. ఈ శిక్షణ లేకుండా కౌన్సెలర్‌గా ఓ టీమ్‌లో పనిచేయొచ్చు, అందులో తక్కువేమీ లేదు. బోర్డు మీద మాత్రం లేని అర్హత రాసుకోకూడదు.

అపోహ: థెరపీ సైకాలజిస్టుల పని. మనది సదరం (వైకల్య) సర్టిఫికెట్, ఆరోగ్యశ్రీ కాగితాల పని.

ఫ్యామిలీ థెరపీకి దారి వేసినవాళ్లలో ఒకరైన వర్జీనియా సటీర్ సోషల్ వర్కర్. నెరేటివ్ థెరపీ తెచ్చిన మైకేల్ వైట్ ఆస్ట్రేలియాలో సోషల్ వర్కర్. సొల్యూషన్ ఫోకస్డ్ థెరపీని రూపొందించిన ఇన్సూ కిమ్ బర్గ్, స్టీవ్ డి షేజర్ ఇద్దరూ సోషల్ వర్క్ చదివినవాళ్లే. అమెరికాలో ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత సూపర్‌వైజర్ కింద ఏళ్లపాటు పనిచేసి క్లినికల్ లైసెన్స్ తెచ్చుకుంటారు. చాలా రాష్ట్రాల్లో అది సుమారు 3,000 గంటలు. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కూడా క్లినికల్ సోషల్ వర్కర్‌ని ఆరోగ్య వృత్తి నిపుణుల జాబితాలో చేర్చింది.

ఇంకో మాట. కాగితాల పనిని చిన్నచూపు చూసేవాళ్లు మంచి థెరపిస్టులు కాలేరని నా గట్టి నమ్మకం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఒక ఆటో డ్రైవర్‌కి నిద్ర కరువైంది. వాన చప్పుడు వింటే లేచి కూర్చునేవాడు. ఆటో ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయి, ఫైనాన్స్ వాయిదాలు మాత్రం ఆగలేదు. ఆయనకి వాన భయం మీద పని చేయాలి, వాయిదా గడువు గురించి ఫైనాన్స్ వాళ్లతో మాట్లాడటానికి దారీ చూపించాలి. ఒకటి వదిలేస్తే రెండోది నిలబడదు. అప్పుడు కొత్తవాళ్లు ఉత్సాహంగా వెళ్లి, ‘ఆ రాత్రి ఏం జరిగిందో మొత్తం చెప్పండి’ అని అడిగేవారు. అలా పట్టుబట్టి చెప్పించడం మంచిది కాదు. విపత్తు జరిగిన వెంటనే ఒక్క సిట్టింగ్‌లో అనుభవమంతా కక్కించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటుంది. మంచినీళ్లు, భోజనం, తప్పిపోయినవాళ్ల సమాచారం ముందు. ఆయనంతట ఆయన చెబితే వినాలి, అంతే.

అపోహ: ఓపిగ్గా వినే గుణం, నాలుగు మంచి మాటలు ఉంటే చాలు.

ఇక్కడే ఎక్కువ సమయం పడుతుంది. మా దగ్గర చేరినవాళ్లు సెషన్ అయిన వెంటనే ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీసుకుంటారు. మొదటి దాంట్లో క్లయింట్ అన్న మాట, రెండో దాంట్లో తాను అన్న మాట, మూడో దాంట్లో ఆ క్షణంలో తన లోపల ఏమైందో. గుర్తున్నంతవరకు మాట మాటా రాయాలి. ఒక అమ్మాయి రాసిన కాగితంలో ఒక వరస ఇలా ఉంది.

క్లయింట్: “నేను లేకపోయినా ఆ ఇంట్లో ఎవరికీ తేడా తెలియదండి.”
ట్రైనీ: “అలా అనుకోకూడదమ్మా, బంగారం లాంటి పిల్లలున్నారు కదా.”
మూడో గడి: “భయమేసింది. టాపిక్ మార్చేయాలనిపించింది.”

రెండో గడిలో ఉన్నది మంచి మాటే. పక్కింటి పిన్నిగారైనా అదే అంటుంది. కానీ దాంతో ఆవిడ చెప్పబోతున్నది ఆగిపోయింది. తర్వాత ఐదారు వరసల పాటు ఆవిడ “ఆఁ, అవునండి” తప్ప ఏమీ అనలేదు. ఆ కాగితం మీద మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది మూడో గడి గురించే. భయం ఎందుకు వేసింది? ఏం వినాల్సి వస్తుందని? ఆ భయాన్ని గుర్తుపట్టి, పక్కన పెట్టుకుని, అయినా ఆ మాట దగ్గరే ఆగి అడగడం నేర్చుకోవాలి. పుట్టుకతో వచ్చే ఓపిక ఒక్కటే ఆ పని చేయించలేదు.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.

పుట్టదు. దీని మీద పరిశోధన చాలా జరిగింది. నేరుగా అడిగితే ఆలోచన పెరుగుతుందని తేలలేదు. అడిగిన తీరు మాత్రం ముఖ్యం. “పిచ్చి ఆలోచనలేమీ రావట్లేదు కదా?” అంటే ఎదుటివాళ్లకి ‘లేదండి’ అనడం తప్ప దారి ఉండదు. “లేకపోయినా అంటున్నారు, చచ్చిపోవాలని కూడా అనిపిస్తోందా?” అని నెమ్మదిగా, కళ్లలోకి చూసి అడగాలి. అవునంటే ఎప్పటినుంచి, ఏమైనా ఆలోచించుకున్నారా, ఇంట్లో ఎవరికి తెలుసు అని ఒక్కొక్కటిగా. పల్నాడు వైపు మిర్చి, పత్తి వేసే కుటుంబాలైతే పురుగుమందు ఎక్కడ పెడతారో అడగకుండా పంపకూడదు. ఇంట్లో నమ్మకమైన మనిషిని పిలిచి, దాన్ని ఇల్లు దాటించి తాళం వేయించడం కూడా చికిత్సలో భాగమే. చాలామందిలో ఆ తీవ్రత కాసేపే ఉంటుంది, ఆ కాసేపు పురుగుమందు చేతికి అందకపోతే మనిషి నిలబడతాడు. సైకియాట్రిస్ట్‌కి అదే రోజు చెప్పాలి. అర్ధరాత్రి ఇబ్బంది పడితే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చని నంబర్ రాసి చేతికివ్వాలి. ఇది చదువుతున్నవాళ్లకైనా అవసరమైతే అదే నంబర్.

అపోహ: సూపర్‌విజన్ అంటే తప్పులు పట్టడం. సీనియర్ అయ్యాక అక్కర్లేదు.

తండ్రి తాగి చనిపోయిన ట్రైనీ కుర్రాడికి, తాగుడు మానలేని క్లయింట్ వస్తాడు. ఆ కుర్రాడు అతన్ని మామూలు కన్నా ఎక్కువ కోప్పడతాడు, లేదా మామూలు కన్నా ఎక్కువ కాపాడతాడు. తనకు అది కనిపించదు, పక్కనున్నవాళ్లకి కనిపిస్తుంది. వారానికి ఒక గంటైనా సూపర్‌వైజర్‌తో కూర్చోవడం అందుకే. నేను ఇప్పటికీ కూర్చుంటాను. కేసు చర్చలో పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేస్తాం. రికార్డింగ్ చేయాలంటే క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

మన ఊళ్లలో మరో చిక్కు ఉంది. క్లయింట్ కూర్చోగానే మనల్నే “మీదే ఊరమ్మా, ఎవరి తాలూకు?” అని అడుగుతారు. తెనాలి అంటే వాళ్ల బంధువులు అక్కడే ఉంటారు. నెల తర్వాత ఏదో పెళ్లిలో వాళ్ల మేనత్త పక్కన కూర్చుని “మావాడు మీ దగ్గరికే వస్తున్నాడట, ఎలా ఉన్నాడు?” అంటుంది. వస్తున్నాడని కూడా ఒప్పుకోకూడదు. చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరిగేలా ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపులున్నాయి. మేనత్త ప్రేమ అందులో లేదు. ఆవిడ నొచ్చుకోకుండా మాట తప్పించడం కూడా మేం రోల్‌ప్లేలో చేయిస్తాం.

అపోహ: రెండు రోజుల సీబీటీ (ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే థెరపీ) ఆన్‌లైన్ సర్టిఫికెట్ తీసుకుంటే కేసులు చూసుకోవచ్చు.

పరిచయానికి మంచిదే. కేసులకు చాలదు.

శిక్షణకి చేరే ముందు ఆ సెంటర్ వాళ్లని అడగాల్సినవి ఇవి. నాకు సూపర్‌వైజర్ ఎవరు, వాళ్ల అర్హత ఏమిటి? వారానికి ఎంతసేపు నాతో కూర్చుంటారు? మొదట్లో సీనియర్ పక్కన కూర్చుని చూడనిస్తారా? నా సెషన్‌ని ఎవరైనా చూసి చెబుతారా? ఆత్మహత్య ముప్పున్న కేసు నా చేతికొస్తే ఆ పూట నేను ఎవరికి ఫోన్ చేయాలి? స్టైపెండ్ సంగతి కూడా మొహమాటపడకుండా అడగండి. అద్దె కట్టుకోలేక సాయంత్రాలు ఇంకో ఉద్యోగం చేసేవాళ్లకి ఆ మూడు గడుల కాగితం రాసే టైమ్ మిగలదు. “చేరిన రోజు నుంచే సొంతంగా కేసులు ఇచ్చేస్తాం” అని ఏ సెంటరైనా గొప్పగా చెబితే అక్కడ చేరొద్దు.