పెరట్లో తమంతట తామే మొలిచిన మొక్కలు: అపోహలు - వాస్తవాలు

గులకరాళ్లు, గట్టిపడ్డ మొరం తప్ప ఏమీ లేదనుకుని వదిలేసిన పెరట్లో ఒక్క వాన పడితే చాలు, పేరు తెలియని మొక్కలు వరసగా లేస్తాయి. వెంటనే "వీటిని ఎలా పోగొట్టాలి?" అని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది "ఇవేంటి?" అని. గుర్తుపట్టకుండా పీకినా, పోషించినా నష్టమే. మాకు తరచూ వినపడే అపోహలు ఇవీ.

అపోహ: ఎవరూ చల్లలేదు కాబట్టి గాలికి కొట్టుకొచ్చిన గింజలే.

గాలికి వచ్చేవి కొన్నే. గడ్డిచామంతి, జిల్లేడు గింజలకు దూది కుచ్చు ఉంటుంది కాబట్టి ఎగిరొస్తాయి. పల్లేరు కాయ చెప్పు అడుగునో టైరుకో గుచ్చుకుని వస్తుంది. ఉత్తరేణి గింజలు బట్టలకు అంటుకుంటాయి. గోడ వారన రావి, కరెంటు తీగల కింద వేప మొలిస్తే పిట్టల పని. అయితే తవ్విన చోట గుంపుగా లేచే మొలకల్లో ఎక్కువ భాగం అప్పటికే మట్టిలో నిద్రపోతున్న గింజలవే.

అవి ఎన్నాళ్లు బతికి ఉంటాయో చూడటానికి విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో అమెరికాలోని మిషిగన్‌లో గింజలు కలిపిన ఇసుకను 20 సీసాల్లో నింపి పాతిపెట్టాడు. 2021లో, అంటే 142 ఏళ్ల తర్వాత తీసిన సీసాలోంచి కూడా వెర్బాస్కం అనే కలుపు మొక్క జాతి గింజలు మొలకెత్తాయి. అన్ని గింజలూ అంత గట్టివి కావు, చాలా జాతులు కొన్నేళ్లకే చచ్చిపోతాయి.

నిద్ర లేపేది చాలావరకు వెలుతురు. సన్నగింజల్లో ఎర్రకాంతిని పసిగట్టే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఉంటుంది. పార తిరగేసినప్పుడు క్షణకాలం వెలుగు తగిలినా కొన్నింటికి సరిపోతుంది. పైపు కోసం కాలువ తవ్విన గీత వెంబడే కొత్త మొక్కలు రావడానికి కారణం ఇదే.

మీ మట్టిలో ఏముందో తెలుసుకోవాలంటే పైనున్న 5 సెంటీమీటర్ల మట్టిని పది చోట్ల నుంచి తీసి కలపండి. అడుగున చిల్లులున్న ట్రేలో కడిగిన ఇసుక పోసి, దాని మీద ఈ మట్టిని సెంటీమీటరు మందాన పరవండి. రెండో ట్రేలో ఇసుక ఒక్కటే ఉంచండి. రెండూ పక్కపక్కన, వెలుతురులో, ఆరకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉండాలి. ఇసుక ట్రేలో మొలిచినవి బయటి నుంచి వచ్చినవి, వాటిని లెక్కలోంచి తీసేయాలి. మట్టి మందం ఎక్కువైతే అడుగు గింజలకు వెలుతురు అందక మొలకలు తగ్గుతాయి. ఈ పరీక్ష పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

అపోహ: సారంలేని నేల కాబట్టి ముందు ఎరువు వేసి బాగుచేయాలి.

కూరగాయలు పండించాలంటే వేయాల్సిందే. వాటంతట అవి వచ్చిన రకరకాల మొక్కలు నిలవాలంటే మాత్రం వేయకూడదు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1856 నుంచి ఒకే పచ్చికమైదానం మీద సాగుతున్న ప్రయోగం ఉంది. అక్కడ ఎరువు ఎరుగని మళ్లలో 30కి పైగా జాతులు కలిసి బతుకుతున్నాయి. అమ్మోనియం రూపంలో నత్రజని బాగా వేసి, సున్నం వేయని మళ్లలో ఆ సంఖ్య రెండు మూడుకు పడిపోయింది. అక్కడ మట్టి పుల్లబడటం ఒక కారణం, నీడ మరో కారణం. నత్రజని దొరికితే పొడవాటి గడ్డి విజృంభించి, నేలకు అంటుకుని పెరిగే చిన్న మొక్కలకు ఎండ దక్కనివ్వదు. కంపోస్టు ఎక్కువైనా ఇదే జరుగుతుంది.

బయటి నుంచి మట్టి తోలించడం ఇంకా ప్రమాదం. దాంతోపాటు తుంగ దుంపలు వస్తాయి, ఒకసారి వచ్చాక వదిలించుకోవడం ఏళ్ల పని.

చాలా పెరళ్లలో అసలు సమస్య సారం లేకపోవడం కాదు, నేల బిగుసుకుపోవడం. 30 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. రెండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువ దిగితే నీరు పోవడం లేదన్నమాట. అలాంటి చోట ఎరువుతో ఒరిగేది తక్కువ. ముందు తొక్కుడు ఆపాలి.

అపోహ: పులిచింత మొలిచిందంటే మట్టి పుల్లబడినట్టే.

ఆ ఆకు పులుపు మొక్క తయారుచేసుకున్న ఆక్సాలిక్ ఆమ్లానిది, మట్టిది కాదు. ఒక్క జాతిని చూసి నేల గుణం చెప్పడం మేం ఒప్పుకోం. గరిక దాదాపు ఏ నేలలోనైనా బతుకుతుంది. పీహెచ్ (మట్టి పులుపు ఎంతో చెప్పే అంకె) తెలియాలంటే ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అరకిలోకు తగ్గించి, నీడలో ఆరబెట్టి పరీక్షకు ఇవ్వాలి.

అపోహ: చిక్కుడులాంటి కాయ కాస్తే అది నేలకు నత్రజని ఇస్తుంది.

వెంపలి ఇస్తుంది. తంగేడు, తగిరిస కూడా కాయ కాస్తాయి గానీ వాటి వేళ్లకు, నత్రజనిని పట్టే బాక్టీరియా ఉండే బుడిపెలు కట్టవు. అనుమానం ఉంటే తేమగా ఉన్నప్పుడు ఒక మొక్కను పెళ్లతో సహా తవ్వి, నీళ్లలో నానబెట్టి మట్టి వదిలించండి. లాగితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, అప్పుడు లేవనుకుంటారు. ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే పని చేస్తోంది, ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది. తెల్లగా ఉంటే ఇంకా మొదలవలేదు, ఆకుపచ్చగా మారితే పని అయిపోయింది. బతికున్నంతకాలం ఆ నత్రజనిలో ఎక్కువ భాగం మొక్క సొంతానికే పోతుంది. నేలకు దక్కేది అది కుళ్లాకే. అందుకే వెంపలిని పీకి బయట పడేయకుండా కోసి అక్కడే పరచండి.

అపోహ: పశువులు, పిట్టలు తింటున్నాయంటే మనమూ తినొచ్చు.

ఇది ప్రాణాల మీదికి తెచ్చే నమ్మకం. పిట్టలకు పడేవన్నీ మనకు పడవు. గంగవాయిలి పక్కనే, అలాగే నేలమీద పాకుతూ నానుబాలు జాతి మొక్కలు పెరుగుతాయి, చిన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాడ తుంచండి. గంగవాయిలి కాడ లావుగా, నీరుపట్టి ఉంటుంది, పాలు రావు. నానుబాలు తుంచిన చోట తెల్లటి పాలు వెంటనే వస్తాయి, ఆ పాలు కంట్లో పడకూడదు. పచ్చటి పాలు కారి, ఆకుకు ముళ్లుంటే బలురక్కసి. దాని నల్లటి గింజలు ఆవాల్లా ఉంటాయి, విషం. ఉమ్మెత్తలో వేరు నుంచి గింజ దాకా అంతా విషమే.

మొక్కను సరిగ్గా గుర్తుపట్టినా చోటు చూడాలి. పాత రంగు పెచ్చులు రాలే గోడ పక్కన, వాహనాలు తిరిగే దారి వారన మట్టిలో సీసం ఉండొచ్చు. ఆకుకూర ఎంత కడిగినా లోపలికి చేరింది పోదు.

అపోహ: కనబడగానే పీకేస్తే పోతాయి.

తుంగను పీకితే పైది వస్తుంది, దుంప ఉండిపోతుంది. మట్టిలో దుంపలన్నీ గొలుసులా కలిసి ఉంటాయి, ఆ గొలుసు తెగడంతో అప్పటిదాకా నిద్రలో ఉన్న పక్క దుంపలూ మొలుస్తాయి. వేలెడు లోతు మట్టి తేమగా ఉన్నప్పుడు దుంపతో తవ్వి, ఆపైన రెండు మూడు వారాలకోసారి ఐదో ఆకు రాకముందే తీస్తూ పోవాలి. గంగవాయిలిని పీకి అక్కడే పడేస్తే కాడ మళ్లీ వేళ్లు వేస్తుంది, కాయలుంటే పండి రాలుతాయి కూడా.

వయ్యారిభామ విషయంలో మాత్రం ఆగకండి. క్యారెట్ ఆకులా చీలిన ఆకు, నేలకు పరుచుకున్న చక్రం కనిపించగానే చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకుని వేరుతో తీయండి. పూసిందంటే ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు.

మిగతావి పూసేదాకా ఉంచండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు చోటుకు తాడు కట్టి, దాన్ని ఒక పూర్తి ఏడాది వదిలేయండి. వానకు వచ్చేవి, చలికి వచ్చేవి వేరువేరు.

అపోహ: ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు తేలిపోతుంది.

పూత ఉంటే చాలాసార్లు దగ్గరగా చెబుతుంది, మొలక దశలో బాగా తప్పుతుంది. మొత్తం మొక్క, ఆకు రెండు వైపులా, ఆకు కాడ కలిసే కణుపు, పువ్వు, కాయ విడివిడిగా తీయండి. వచ్చిన పేరును వర్ణనతో పోల్చి చూసుకోండి.

అపోహ: మంచి మట్టిలోకి మార్చి నాటితే ఇంకా బాగా పెరుగుతుంది.

గట్టినేల మొక్కల్లో చాలావాటికి తల్లివేరు లోతుగా దిగి ఉంటుంది, తవ్వితే తెగుతుంది. బతికినా ఎరువు మట్టిలో ఆకు ఏపుగా వేసి, కాడ మెత్తబడి వాలిపోతుంది. కాయ గోధుమరంగుకు తిరిగి, ఇంకా పగలకముందు గింజ తీసుకోండి, ఉన్నవాటిలో సగానికి మించి తీయొద్దు. కాగితం కవరులో ఆరబెట్టండి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. వెంపలిలాంటి గట్టిపెంకు గింజలను గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, అలాంటి బీద నేలలోనే సెంటీమీటరు లోతున వేయండి. దుమ్ములాంటి సన్నగింజలను మట్టితో కప్పకుండా పైన చల్లి, అరచేత్తో అదిమితే చాలు.