ఇంకుడు గుంతలో ఉప్పు నీళ్లు

ఇంటి ముందు ఇంకుడు గుంత తవ్వుకున్నవాళ్లకి సంగతి తెలుసు. నాలుగు మంచి వానలు పడితే పక్కింటి బోరులో కూడా నీళ్లు పైకొస్తాయి. గుంతకి వచ్చిన పని ఒక్కటే, పోసినదాన్ని కిందికి పంపడం. పోసింది వాన నీళ్లా, ఉప్పు నీళ్లా అని అది చూడదు.

కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో దశాబ్దాల తరబడి జరిగింది ఇదే. అక్కడి పాత చమురు బావుల్లో ఒక బ్యారెల్ చమురు తీస్తే పదికి పైగా బ్యారెళ్ల నీళ్లు కూడా వస్తాయి. చమురుతో పాటే రాళ్లలో యుగాలుగా ఊరిన నీళ్లవి. అన్నీ ఒకేలా ఉండవు. కెర్న్ నది పక్కనున్న చమురు క్షేత్రంలో ఉప్పు తక్కువ కాబట్టి శుద్ధి చేసి, మంచినీళ్లు కలిపి తోటలకి పారిస్తున్నారు (అది మంచిదా కాదా అన్నది వేరే గొడవ). కౌంటీ ఉన్న శాన్ వాకిన్ లోయ పడమటి అంచున మెక్‌కిట్రిక్, బెల్‌రిడ్జ్, లాస్ట్ హిల్స్ చమురు క్షేత్రాల వైపు వెళ్తే మాత్రం కొన్ని బావుల నీళ్లు ఉప్పులో సముద్రంతో పోటీ పడతాయి. పైగా ఎక్కువైతే మొక్కలకి విషమయ్యే బోరాన్, కొద్దిగా చమురులో ఉండే కేన్సర్ కారకం బెంజీన్.

వాటిని అడుగున ఏ షీటూ పరవని మట్టి చెరువుల్లోకి వదిలారు. 2015లో అధికారులు లెక్క తీస్తే కౌంటీలో ఇలాంటి గుంతలు 900కి పైగా తేలాయి. వాడుకలో ఉన్నవాటిలో మూడో వంతుకి పైగా అనుమతి లేనివే.

ఎండకి ఆవిరైపోతాయిలే అనుకుంటాం. ఆ ఎండకి ఏడాదిలో ఆవిరయ్యేది మహా అయితే రెండు మీటర్ల నీరు. చెరువు అడుగు రోజుకి 5 సెంటీమీటర్లు పీల్చుకుంటుందనుకోండి, ఏడాదికి 18 మీటర్లు. పైకి ఒక వంతు పోతే కిందికి తొమ్మిది వంతులు. ఆ పైకి పోయేది కూడా ఉత్త నీరే, ఉప్పంతా కిందికే.

దిగేటప్పుడు నేల కొంత వడకడుతుంది. బెంజీన్‌ని సూక్ష్మజీవులు కొంతవరకు తినేస్తాయి. ఉప్పులోని సోడియం బంకమట్టికి అంటుకుని, అక్కడున్న కాల్షియాన్ని తోసేస్తుంది. బోరాన్ కూడా మట్టిలో కొంతకాలం ఆగుతుంది. ఉప్పులోని మిగతా భాగం, క్లోరైడ్ మాత్రం దేనికీ అంటుకోదు, దాన్ని తినే జీవీ లేదు. నీరు ఎంత దూరం పోతే అదీ అంత దూరం పోతుంది. దారిలో బంకమట్టి పొర అడ్డొస్తే పక్కకి పాకుతుంది, రైతు మోటారు వేస్తే అటు తిరుగుతుంది. రొయ్యల చెరువు పక్కన మంచినీళ్ల బోరు ఉప్పగా మారడం చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

అందుకే మంచి భూగర్భజలం ఉన్నచోట ఇలా ఇంకించే నీటిలో లీటరుకి క్లోరైడ్ 200 మిల్లీగ్రాములు, బోరాన్ 1 మిల్లీగ్రాము దాటకూడదని అక్కడి నిబంధన. ఒక్క మిల్లీగ్రాముకి అంత పట్టింపు ఎందుకంటే, అక్కడ ఎటు చూసినా బాదం తోటలే. ఉప్పెక్కువైతే బాదం ఆకు కొసలు మాడతాయి. బోరాన్ ఎక్కువైతే రెమ్మలు ఎండి బంక కారుస్తాయి.

అయితే ఆ పడమటి నేలలో సహజంగానే ఉప్పుంది, సాగు నీళ్లూ ఉప్పు దించుతాయి. మరి దోషి ఎవరు? నీటినే అడగాలి. పొలం నుంచి ఇంకిన నీటిలో ఎరువుల నైట్రేట్ కనిపిస్తుంది. చమురు నీటిలో అది దాదాపు ఉండదు, సల్ఫేట్ తక్కువ, బోరాన్ ఎక్కువ. వేడి రాళ్లతో కాపురం చేసినందుకు దాని ఆక్సిజన్‌లో బరువైన ఐసోటోపు (అదే ఆక్సిజన్, పరమాణువు కాస్త బరువు) పాలు కూడా ఎక్కువే. ఉప్పు నీరు కరెంటుని బాగా పారనిస్తుంది కాబట్టి, హెలికాప్టర్‌కి పెద్ద తీగ చట్రం వేలాడదీసి పైనుంచే దాని జాడ గీస్తున్నారు కూడా.

బెల్‌రిడ్జ్ పక్కన పత్తి పండించే ఒక కుటుంబం, ఈ నీరు తమ భూమి కిందికి రావడం అక్రమ ప్రవేశమేనని కోర్టుకెక్కింది. కంచె దాటి వచ్చింది మనిషి కాదు, నీరు. 2007లో అప్పీలు కోర్టు దాకా నడిచిన ఆ కేసులో ఈ వాదన నిలిచింది.

చెరువు మూసేసినా దాని కింద పదుల మీటర్ల మందాన తడిసిన మట్టి ఏళ్ల తరబడి ఉప్పుని వదులుతూనే ఉంటుంది. దాన్ని పలచన చేయాల్సింది వాన. అక్కడ ఏడాది మొత్తానికి పడేది సుమారు 15 సెంటీమీటర్లు.