‘యుద్ధమొస్తదా సారూ?’: దండయాత్ర భయాలు, వాస్తవాలు

సరిహద్దులో ఏదైనా జరిగిందంటే చాలు, నల్గొండలో రిటైర్డ్ ఫౌజీలకు గిరాకీ పెరుగుతుంది. ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌కు వాకింగ్‌కు వచ్చే పెద్దమనుషుల దగ్గర్నుంచి అగ్నివీర్ రన్నింగ్ ప్రాక్టీస్ చేసే పిల్లల దాకా అందరిదీ ఒకటే మాట: "సుబేదార్ సాబ్, చైనావోడు మన మీదికొస్తడా? పాకిస్తానోడు ఏమన్న జేస్తడా?"

నేను చేసింది ఆర్మీ సర్వీస్ కోర్‌లో. అంటే రేషన్, ఇంధనం, బండ్లు. తుపాకీ కన్నా డీజిల్ లెక్కలే ఎక్కువ చూశాను. కాబట్టి యుద్ధం వస్తుందా అని అడిగితే, టీవీలో ఎవరు ఎంత గట్టిగా అరిచారన్నది నేను పట్టించుకోను. ఆయిల్ ట్యాంకర్లు కదిలాయా లేదా అన్నదే చూస్తాను.

అపోహ: పొద్దున లేచేసరికి శత్రువు దేశంలో ఉంటాడు

దేశాన్ని ఆక్రమించడానికి బయలుదేరిన సైన్యం దాక్కోలేదు. వెయ్యి మందికి పెళ్లి భోజనం పెట్టేవాడు ముందురోజు టెంట్లు, గ్యాస్ సిలిండర్లు వాడకట్టుకు తెలియకుండా దించగలడా? ఇదీ అంతే. లక్ష మంది కదలాలంటే రైళ్లు కావాలి, ఇంధన డిపోలు కావాలి, నదులు దాటే వంతెన సామాను కావాలి, ఫీల్డ్ హాస్పిటళ్లు కావాలి.

రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది 2022 ఫిబ్రవరి 24న. కానీ లక్షకు పైగా సైన్యం సరిహద్దుల దగ్గర పోగవుతున్న సంగతి ఉపగ్రహ చిత్రాల్లో అంతకు నెలల ముందు నుంచే కనిపించింది. ‘విన్యాసాలే’ అని మాస్కో చెబుతూ వచ్చింది. ఎప్పుడైతే గాయపడినవాళ్లకు ఎక్కించే రక్తం నిల్వలు కూడా ముందుకు తెస్తున్నారని వార్త వచ్చిందో, అప్పుడే మా లాంటివాళ్లకు అనుమానం తీరిపోయింది. విన్యాసాలకు అంత రక్తం ఎందుకు? ఇంత సిద్ధమై వెళ్లినా, కీవ్‌కు ఉత్తరాన 60 కిలోమీటర్లకు పైగా బారులు తీరిన కాన్వాయ్ రోజుల తరబడి అక్కడే ఆగింది. డీజిల్, తిండి సరిగా అందలేదు, రోడ్డు దిగితే బురద.

మన సంగతే చూడండి. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యాన్ని పడమటి సరిహద్దుకు తరలించారు. దళాలు పూర్తిగా చేరడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. పది నెలలు అక్కడే ఉండి, యుద్ధం లేకుండానే వెనక్కి వచ్చారు. అంటే సైన్యం కదిలిందని యుద్ధం ఖాయం చేసుకోవడమూ తొందరే.

"మరి కార్గిల్?" అని ఓ కుర్రాడు నన్ను నిలదీశాడు. సరైన ప్రశ్న. చలికాలంలో ఖాళీ చేసిన పోస్టుల్లోకి పాకిస్తానోళ్లు ఎక్కి కూర్చుంటే మనకు తెలిసింది 1999 మేలో. వాళ్లను దించడానికి 527 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. కొండ శిఖరాలను గుట్టుగా పట్టుకోవచ్చు. జిల్లాలను, రాష్ట్రాలను అలా పట్టుకోవడం కుదరదు. మనవాళ్లు భయపడేది రెండోదానికి, నిజంగా జరుగుతున్నది మొదటిది.

అపోహ: చైనా సైన్యం పెద్దది, దిగితే ఆపలేం

సైన్యం ఎంత పెద్దదైతే దాని పొట్ట అంత పెద్దది. ఆ పొట్ట నింపేది రోడ్డు.

లడఖ్ సంగతి చెబుతాను. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే దారిలో జోజిలా కనుమ 11,500 అడుగుల పైన ఉంటుంది. చలికాలం మంచు పడితే దారి మూత. అందుకని ఆరు నెలల సరుకంతా ఎండాకాలం నుంచే పైకి ఎక్కించాలి: బియ్యం, పప్పు, కిరోసిన్, టిన్ను కూరలు, గుడారాలు, మందుగుండు. స్టాలియన్ ట్రక్కులు బారుగా పోతుంటే మలుపులో ఒక్క బండి ఆగితే వెనక కాన్వాయ్ మొత్తం ఇంజిన్లు ఆపుకొని కూర్చోవాలి. గట్టి చలికి మామూలు డీజిల్ చిక్కబడి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. అక్కడి డ్రైవర్లు కిరోసిన్ కలిపి నెట్టుకొచ్చేవాళ్లు. 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టని డీజిల్ తెచ్చాక కొంత నయం. ఇక ప్రెషర్ కుక్కర్ లేకపోతే అన్నం పలుకు మీదే ఉంటుంది. మన సోనమసూరి అయినా సరే.

ఈ బాధలన్నీ అవతలివాడికీ ఉన్నాయి. కాకపోతే వాళ్లు మనకన్నా ముందే రోడ్లు వేసుకున్నారు, ఒప్పుకోవాలి. 2006లో లాసాకు రైలు తెచ్చారు, 2021లో అరుణాచల్‌కు దగ్గరగా ఉండే నింగ్చి దాకా పొడిగించారు. కానీ టిబెట్ విమానాశ్రయాలు మరీ ఎత్తులో ఉన్నాయి. పలచటి గాలిలో విమానం నిండా ఇంధనం, నిండా బాంబులు పెట్టుకొని లేవలేదు. దాడి చేసేవాడికి మూడింతల బలం కావాలన్నది పాత సైనిక లెక్క, కొండల్లో అది కూడా చాలదు. 1962లో గెలుస్తున్న చైనా నవంబర్ 21న తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించి ఈశాన్యంలో వెనక్కి పోయింది. రాజకీయ కారణాలు ఎన్ని ఉన్నా, కనుమలు మూసుకుపోయే కాలం ముంచుకొస్తోందన్నది ఏ సప్లై అధికారీ మరచిపోలేని లెక్క.

చైనాతో ఉన్న 3,488 కిలోమీటర్ల వాస్తవాధీన రేఖ వెంట మనం ఎదుర్కొంటున్నది వేరే రకం ఒత్తిడి. ఇక్కడో గుట్ట, అక్కడో గస్తీ దారి, ఓ గుడారం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో జరిగింది అదే. మన సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుతో కలిపి 20 మంది అమరులయ్యారు, అదీ తుపాకులు పేలకుండా. ఆ తర్వాత చలికాలమంతా దాదాపు 50 వేల మంది అదనపు సైన్యాన్ని ఆ ఎత్తులో నిలబెట్టి మేపిన పని గురించి ఎవరూ పాటలు కట్టలేదు గానీ, నా దృష్టిలో చైనాకు గట్టి జవాబు అదే. గస్తీ మీద ఒప్పందం కుదిరేసరికి 2024 అక్టోబర్ వచ్చింది.

అపోహ: రెండు వైపులా అణుబాంబులుంటే యుద్ధమే రాదు

1998లో మనమూ, పాకిస్తానూ అణుపరీక్షలు చేశాం, ఏడాది తిరక్కుండానే కార్గిల్ వచ్చింది. 2025 మేలో 7వ తేదీ నుంచి 10 దాకా క్షిపణులు, డ్రోన్లు ఎగిరాయి. అణ్వాయుధం పెద్ద దండయాత్రను ఆపుతుంది, చిన్న తగాదాకు జాగా వదులుతుంది.

అపోహ: మనం దక్షిణాన ఉన్నాం, మనకేం కాదు

నేల మీద నడిచొచ్చే సైన్యం వరకైతే నిజమే. పాలమూరు నుంచి పాకిస్తాన్ సరిహద్దు వెయ్యి కిలోమీటర్ల పైమాటే, చైనా ఇంకా దూరం. మన పెద్దవాళ్లు ‘మిలిటరీ వచ్చింది’ అని చెప్పుకునేది 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్. అది విదేశీ దాడి కాదు, భారత సైన్యమే. విజయవాడ వైపు దళం కోదాడ, సూర్యాపేట మీదుగా వచ్చింది. వెనక్కి పోతున్న నిజాం బలగాలు మూసీ వంతెన పేల్చేశాయి గానీ దానికి కాపలా పెట్టలేదు, మనవాళ్లు చకచకా బాగు చేసుకొని దాటేశారు. అంత చిన్న ఆపరేషన్ కూడా ఒక వంతెన దగ్గర ఆగి చూడాల్సి వచ్చింది.

గాల్లోంచి వచ్చేదానికి మాత్రం దూరం లెక్కలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. పాకిస్తాన్ షహీన్-3 క్షిపణి 2,750 కిలోమీటర్లు పోతుందంటారు. అంటే మనమూ అందులో ఉన్నాం. అయితే బాంబు పడటం వేరు, ఊరు ఆక్రమణలోకి పోవడం వేరు.

అసలు దెబ్బ మనకు తగిలేది కిరాణా కొట్లో, ఎరువుల దుకాణంలో. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలుకాగానే పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర ఎలా ఎగిరిందో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ప్రపంచమంతా ఎరువుల ధరలు మండాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లో దిగి రెండు రోజుల్లో మింగేసింది. చిన్న దేశం, చదును ఎడారి, పక్కా రోడ్లు ఉంటే దండయాత్ర అలా సాగుతుంది. 1.7 లక్షలకు పైగా భారతీయులు ఉన్న కొలువు వదులుకొని ఇంటికి చేరారు. గల్ఫ్ జీతం మీద బతికే మన ఇళ్లకు హిమాలయాల కన్నా అదే దగ్గరి సరిహద్దు.

వికారాబాద్ దామగుండంలో కట్టే నేవీ కేంద్రం గురించీ అడుగుతున్నారు. 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. చాలామంది రాడార్ అంటున్నారు గానీ, అది నీటి అడుగున ఉన్న సబ్‌మెరైన్లకు సందేశాలు పంపే స్టేషన్. యుద్ధంలో అలాంటివి శత్రువు జాబితాలో ఉండవని నేను చెప్పను. అలాగని అది వచ్చినందుకే యుద్ధం మన ఇంటికి వస్తుందనడమూ తప్పే. డీఆర్‌డీవో ల్యాబులు, సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఉన్న హైదరాబాద్ పక్కనే మనం ఏళ్లుగా ఉంటున్నాం. అడవి, చెట్ల గురించి అక్కడివాళ్లు అడిగే ప్రశ్నలు వేరు, వాటికి జవాబు చెప్పాల్సిందే.

అపోహ: యుద్ధమొస్తే ఇంటికొకర్ని పట్టుకుపోతారు

మన దేశంలో 1962లోనూ, 1971లోనూ నిర్బంధ భర్తీ జరగలేదు. చేరతామని గ్రౌండ్‌లో ఉరికే పిల్లలకే సీట్లు చాలడం లేదు.

ఇక ఫార్వర్డ్‌లు. 2025 మేలో ఏటీఎంలు రెండు మూడు రోజులు మూస్తారని పుకారు, కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ కాదని చెప్పింది. పెట్రోల్ అయిపోతుందని మరొకటి, ఇండియన్ ఆయిల్ నిల్వలున్నాయని ప్రకటన ఇచ్చింది. వీడియో గేమ్ దృశ్యాలను నిజం యుద్ధమని తిప్పారు. మనం బంకు ముందు డబ్బాలతో క్యూ కడితే ఆంబులెన్స్‌కు, వరికోత మిషన్‌కు ఆయిల్ దొరకదు. ఈ మాట డీజిల్ లెక్కలు చూసినవాడిగా చెబుతున్నాను.

సైరన్ సంగతి మాత్రం ఇంట్లో పిల్లలకు చెప్పి పెట్టండి. పైకీ కిందికీ ఊగుతూ మోగితే ప్రమాదం, వెంటనే లోపలికి, కిటికీలకు దూరంగా, లైట్లు ఆర్పి. ఒకే తీరుగా ఆగకుండా మోగితే ప్రమాదం తొలగినట్టు, బయటికి రావచ్చు.